గ్రామఫోను గాయని గౌహర్ జాన్

మానవకంఠధ్వని గాలియందు బుట్టి గాలియందే లయించును. శిల్పి చెక్కిన ప్రతిమయు, కవి రచించిన కావ్యమును వారి యనంతరము నిలుచును. గాయకుని గానమో, వినినవారి జ్ఞాపకముతోడనే యంతరించును. త్యాగరాజస్వామి కృతులు శిష్యపరంపరవలన మనకు దక్కినవి గాని, ఆ మహనీయుని కంఠ మెట్లుండెడిదో చెప్పగలవా రెవ్వరును లేరు. ఇట్టి నష్టమును తప్పించు సాధనము 1902వ సంవత్సరమున హిందూదేశపు గాయకుల చెంతకు వచ్చినది. దాని నాదరించి, దానికి తగినట్లు తన విద్యను దిద్దుకొని, గ్రామఫోను మూలమున దేశమంతటను పేరొందిన తొలి గాయకులలో నగ్రగణ్య గౌహర్ జాన్. ఆమె చరిత్రమున మెచ్చదగిన విషయములును గలవు, జాలిపడదగిన విషయములును గలవు. రెండును విద్యార్థులు తెలిసికొనదగినవే.

ఈమె 1873వ సంవత్సరము జూన్ 26వ తేదీన, నేటి ఉత్తరప్రదేశమందలి ఆజంగఢ్ పట్టణమున జన్మించెను. తండ్రి రాబర్ట్ విలియం యేవర్డ్, ఆర్మీనియా సంతతివాడు. తల్లి విక్టోరియా హెమింగ్స్, ఈ దేశముననే పుట్టి పెరిగినది. సంగీతనృత్యములందు ప్రవేశము గలది. ఇరువురును క్రైస్తవులు. బిడ్డకు వారిడిన పేరు ఆంజెలీనా. 1872లో జరిగిన ఆ వివాహము 1879లో విచ్ఛిన్నమయ్యెను. అప్పటికి బాలికకు ఆరేండ్లు. నిరాధారయైన తల్లి 1881లో బిడ్డతో కాశీనగరము చేరి, అచ్చట ఇస్లాము మతము పుచ్చుకొని, మల్కా జాన్ అను పేరు ధరించెను. ఆంజెలీనా గౌహర్ జాన్ అయ్యెను. గౌహర్ అనగా ముత్యమని యర్థము.

మల్కా జాన్ కాశీయందు గానవిద్యలో పేరు సంపాదించెను. ఆ కాలమున అదే పేరుగల గాయనులు మరికొందరుండుటచే ఈమెను బడీ మల్కా జాన్, అనగా పెద్ద మల్కా జాన్, అని పిలుచుచుండిరి. 1883లో తల్లియు కుమార్తెయు కలకత్తా నగరమునకు వచ్చిరి. 1856లో కంపెనీవారిచే రాజ్యభ్రష్టుడైన అయోధ్య నవాబు వాజిద్ అలీ షా ఆ నగరపు శివారున మటియాబుర్జునందు నివసించుచు, గాయకులను నర్తకులను పోషించుచుండెను. ఆ కొలువున మల్కా జాన్‌కు ఆశ్రయము లభించెను. కొలదికాలములోనే ఆమె చిత్పూరు రోడ్డున సొంత భవనము కొనగలిగెను.

కుమార్తెకు విద్య నేర్పించుటలో ఆ తల్లి లోటు చేయలేదు. పటియాలాకు చెందిన కాలే ఖాన్, రాంపూరుకు చెందిన వజీర్ ఖాన్ మొదలగు ఉస్తాదులయొద్ద గౌహర్ హిందూస్థానీ సంగీత మభ్యసించెను. కథక నృత్యమును లక్నో సంప్రదాయజ్ఞుడగు బిందాదీన్ మహరాజుయొద్దను, వంగదేశపు కీర్తనలను చరణదాసుయొద్దను నేర్చుకొనెను. ఖయాలు, ఠుమ్రీ, దాద్రా, గజలు, భజన అను భేదము లేక అన్ని రీతులందును ఆమె ఆరితేరెను. హమ్‌దం అను కలముపేరుతో ఉర్దూ కవిత్వమును వ్రాసెను. 1887లో దర్భంగా సంస్థానమున ప్రథమసభ చేసినపుడు ఆమెకు పదునాలుగేండ్ల ప్రాయము. కలకత్తా ధనికుల భవనములందు ఆమె గానము లేని యుత్సవము వెలితిగా నుండెడి దినములు శీఘ్రముగానే వచ్చెను.

అయితే ఇచ్చట నొక సంగతి దాచరాదు. ఆమెది తవాయిఫుల వృత్తి. మన ప్రాంతపు కళావంతుల వృత్తిని బోలినది. సంఘము వారి విద్య నాస్వాదించుచునే వారిని దూరముగా నుంచెను. గౌహర్ పేరు తెచ్చుకొనుచున్న ఆ కాలముననే మన తెలుగునాట కందుకూరి వీరేశలింగము పంతులుగారు భోగము మేళములను గట్టిగా ఖండించుచుండిరి. దురాచారమును ఖండించుట న్యాయమే. కాని ఆ కుటుంబములయందు స్త్రీలు తరతరములుగా కాపాడిన సంగీతవిద్య ఏమి కావలె నను ప్రశ్నకు ఆనాడు సమాధానము సులభముగా దొరకలేదు. కులస్త్రీలు సభలో పాడుట తప్పని యెంచిన దినములవి. తవాయిఫు పాట వినుటకు ఆమె యింటికో, ధనికుని వేడుకకో పోవలసియుండెను. గౌరవస్థుల గృహములలోని స్త్రీలకును బాలురకును ఆ గాన మందరానిది.

ఈ స్థితిలో 1902వ సంవత్సరాంతమున లండనులోని గ్రామఫోను కంపెనీవారి పనిమీద ఫ్రెడ్ గైస్‌బర్గ్ అను అమెరికను కలకత్తాకు వచ్చెను. అతడును గౌహర్‌వలె 1873లో జన్మించినవాడే. ఆ యేడు ఏప్రిలు నెలలో మిలాను నగరమున సుప్రసిద్ధ ఇటలీ గాయకుడు కరూసో పాటలను పట్టిన వాడితడే. కలకత్తాలో నొక హోటలు గదినే అతడు పనిశాలగా మార్చుకొనెను. నవంబరు మాసమున మొదట శశిముఖి, ఫణిబాల యను నాటకశాల బాలికల పాటలు పట్టబడెను. కొలదిదినములకే గౌహర్ జాన్ తన వాద్యగాండ్రతో వచ్చెను.

ఆనాటి యంత్రమునకు విద్యుచ్ఛక్తితో పని లేదు. గోడకవతలనున్న యంత్రమునకు తగిలించిన పెద్ద కొమ్మువంటి గొట్టములోనికి తలయుంచి గాయని బిగ్గరగా పాడవలెను. ఆ ధ్వనికి కొమ్ముచివరనున్న పలుచని బిళ్ల కదలును. దానికంటిన సూది, తిరుగుచున్న మైనపు పలకపై గీత గీయును. పాడుచు చేయి యాడించుటకు గాని, అభినయించుటకు గాని వీలు లేదు. తప్పు పాడినచో దిద్దుకొను మార్గము లేదు. క్రొత్త పలకపై మొదటినుండి పాడవలసినదే. అన్నిటికంటె కష్టమైనది కాలనియమము. రేయంతయు రాగవిస్తారము చేయ నలవాటుపడిన విద్వాంసులకు యంత్రమిచ్చిన వ్యవధి ఇంచుమించు మూడు నిమిషములు. పలువురు ఉస్తాదులు ఇది సంగీతమున కవమానమని దూరముగా నుండిరి. గౌహర్ అట్లు తలపలేదు. రాగస్వరూపమును రెండు మూడు సంచారములలో జూపి, పల్లవి నెత్తుకొని, వడిగల తానములతో ముగించుట నామె సాధించెను. విస్తారముగా నేర్చినవారికిగాని సంక్షేపించుట సాధ్యము కాదు.

ఆ మైనపు పలకలు ఓడలపై జర్మనీదేశపు హానోవరు నగరమునకు పోవుచుండెను. అచ్చట వానినుండి లోహపు అచ్చులు తీసి, లక్క కలిపిన ముద్దతో ప్లేట్లు తయారుచేసి, మరల మన దేశమునకు పంపుచుండిరి. ఆ లక్కలో హెచ్చుభాగము హిందూదేశపు అడవులలోనిదే. ఏ ప్లేటు ఎవరిదో జర్మను పనివారికి తెలియుటకై, పాట ముగియగనే గాయకులు తమ పేరును ఇంగ్లీషులో నుచ్చరించు నియమ మేర్పడెను. గౌహర్ దానిని బెదురులేని కంఠముతో, ఒకింత ఠీవితో పలికెను. కర్మాగారపు సౌకర్యమునకై పలికిన ఆ పలుకే శ్రోతల కామె గురుతయ్యెను. 1908లో కలకత్తాలోని సియాల్దాయందే ప్లేట్ల కర్మాగారము స్థాపింపబడిన పిదప హానోవరు ప్రయాణముల యవసరము తీరెను.

1902 మొదలు 1920 వరకు గౌహర్ పాడిన ప్లేట్లు సుమారు 600. హిందూస్థానీ, వంగము, గుజరాతీ, మరాఠీ, అరవము, పారసీకము, అరబ్బీ, ఫ్రెంచి, ఇంగ్లీషు మొదలుగా పదికి మించిన భాషలలో నామె పాడెను. ధనికుని మేడకు పోనక్కరలేక, సామాన్యుడును తన వాకిట గూర్చుండి ఆమె గానము వినగల్గెను; తలుపు చాటుననుండి గృహిణియు వినగల్గెను. ఆస్ట్రియాలో తయారైన అగ్గిపెట్టెలపై ఆమె చిత్రము ముద్రింపబడెను. 1910లో చెన్నపట్టణపు విక్టోరియా పబ్లిక్ హాలులో ఆమె సభ జరిగెను. 1911 డిసెంబరులో ఐదవ జార్జి చక్రవర్తి ఢిల్లీ దర్బారున అలహాబాదు జానకీబాయితో గలిసి పాడెను.

ఇంతటి ప్రఖ్యాతియు ఆమెకు నెమ్మది నీయజాలదయ్యెను. 1906లో తల్లి గతించెను. ఆ యింట పెరిగినవా డొకడు ఆస్తి తనదని వ్యాజ్యము వేయగా, తాను మల్కా కన్నబిడ్డనని న్యాయస్థానమున ఋజువు చేసికొనవలసిన దురవస్థ ఆమెకు గలిగెను. పసినాట విడిచిపోయిన తండ్రి సాక్ష్యముతో ఆమె గెలిచెను. ఆమె కత్యంతప్రియుడగు గుజరాతీ నాటకకర్త అమృత్ కేశవ్ నాయక్ 1907లో అకాలమరణము చెందెను. పిదప తన వ్యవహారములు చూచుచుండిన అబ్బాసును వివాహమాడగా, అదియును కలహములతోను వ్యాజ్యములతోను ముగిసెను. దుబారాగా వ్యయము చేయు నలవాటు మొదటినుండియు నున్నది. ఆర్జించిన ధనము, చిత్పూరు రోడ్డు మేడ, అన్నియు చేజారెను.

తుదకు మైసూరు ప్రభువు నాల్గవ కృష్ణరాజ ఒడయరువారు 1928 ఆగస్టు 1వ తేదీన ఆమెను ఆస్థానగాయనిగా నియమించిరి. కాని ఆ యాదరణము నామె బహుకాల మనుభవింపలేదు. 1930 జనవరి 17వ తేదీన, తన యేబదియేడవ సంవత్సరాంతమునకు ముందే, బంధువులకు దూరముగా మైసూరునందు కన్నుమూసెను.

ఆమె జీవితమున మూడు పేరులు గలవు: తండ్రి యిచ్చిన యింటిపేరు, తల్లి మార్చిన పేరు, తాను కవిత్వమునకై పెట్టుకొన్న పేరు. న్యాయస్థానములయం దామె పుట్టుకయే వివాదగ్రస్తమయ్యెను. కాని లక్కప్లేటు చివర తన నోటితో చెప్పిన పేరును ఏ వాదియు కొట్టివేయలేదు. మేడ పోయినది, నగలు పోయినవి, మెచ్చుకొన్న ప్రభువులు పోయిరి. శ్రద్ధతో నేర్చి, మూడు నిమిషములలో నొదిగించి యిచ్చిన గానము మాత్రము, నూరేండ్లు గడచినను, గరగర శబ్దముల నడుమనుండి నేటికిని వినబడుచున్నది. ధనమును కాపాడుకొనుట ఆమె నేర్వలేదు. ఆ లోపమును మనము చూచి జాగ్రత్తపడవలెను. విద్యను కాపాడుకొనుట నేర్చినది. ఆ గుణమును మనము గ్రహింపవలెను. విద్యార్థులారా, మీకు చిక్కిన వ్యవధి స్వల్పమని చింతింపకుడు. దానిలో నేమి నింపుదురో అదియే మీ పేరు చెప్పును.