నార్మన్ బారెట్ : తప్పు దిద్దుకున్న వైద్యుడు

ఈ సంచికకు ఒక ప్రముఖుని జీవితం వ్రాసి ఇవ్వమని విద్యార్థి సంఘం వారు అడిగారు. గాంధీజీ, ఐన్‌స్టీన్‌ల గురించి ఏటా ఎవరో ఒకరు వ్రాస్తూనే ఉన్నారు. అందుకని వైద్యులందరికీ పేరు తెలిసినా, మనిషి సంగతి తక్కువమందికి తెలిసిన ఒకాయనను ఎన్నుకున్నాను. ఆయన నార్మన్ రూపర్ట్ బారెట్.

ఆ పేరు మా ఇంటికి ఒక రిపోర్టులో వచ్చింది. మా పెదనాన్న ఏళ్ల తరబడి గుండెమంట, పుల్లటి త్రేన్పులతో బాధపడుతూ సోడా తాగి సరిపెట్టుకునేవారు. చివరికి ఎండోస్కోపీ చేసి, బారెట్ ఆహారనాళం అని వ్రాశారు. ముక్క తీసి పరీక్షిస్తే కణాలు దారితప్పడం మొదలైందనీ, ఇంకా క్యాన్సర్ కాలేదనీ తేలింది. ఈ బారెట్ ఎవర్రా అని పెదనాన్న నన్ను అడిగారు. ఈ కళాశాలలోనే చదివి, ఇక్కడే జంతుశాస్త్రం పాఠాలు చెబుతున్న నాకు జవాబు తెలియలేదు. ఆ సిగ్గుతోనే ఆయన గురించి చదవడం మొదలుపెట్టాను.

బారెట్ 1903లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో పుట్టాడు. చిన్నతనంలోనే ఇంగ్లండు చేరి ఈటన్‌లో, కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో చదివాడు. లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో శస్త్రవైద్యుడయ్యాడు. 1935లో రాక్‌ఫెల్లర్ ఫెలోషిప్ మీద అమెరికా వెళ్లాడు. ఉదరభాగం శస్త్రచికిత్స నేర్వాలని వెళ్లినవాడు ఛాతీ శస్త్రచికిత్స వైపు మళ్లాడు. 1946లో ‘థొరాక్స్’ అనే వైద్యపత్రిక మొదలైనప్పుడు సంపాదకత్వం చేపట్టి, 1971 దాకా నడిపాడు. ఆహారనాళం హఠాత్తుగా చిట్లితే అంతవరకూ మరణమే గతి. అలాంటి రోగిని ఆపరేషన్ చేసి బ్రతికించిన సంగతిని 1947లో ప్రకటించాడు.

ఇక అసలు కథ. మన ఆహారనాళం లోపలి పొర, చర్మంలాగా, బల్లపరుపు కణాల వరుసలతో ఉంటుంది. కొందరిలో దాని అడుగుభాగాన స్తంభాకార కణాల పొర కనిపిస్తుంది. 1950లో బారెట్ దీనిమీద ఒక వ్యాసం వ్రాస్తూ, అది ఆహారనాళమే కాదన్నాడు. పుట్టుకతో ఆహారనాళం పొట్టిదై, జీర్ణాశయం గొట్టంలా సాగి ఛాతీలోకి వచ్చిందని వాదించాడు. అది పొరపాటు. లీడ్స్‌కు చెందిన ఆలిసన్, జాన్‌స్టోన్ అనే ఇద్దరు ఆ భాగపు కండరాలనూ గ్రంథులనూ పరిశీలించి, అది ఆహారనాళమేననీ, మారింది లోపలి పొర మాత్రమేననీ 1953లో చూపించారు. ఆ వ్యాసం వెలువడింది ఎక్కడనుకున్నారు? బారెట్ సంపాదకుడుగా ఉన్న ‘థొరాక్స్’లోనే! పైగా ఆ పొరలో వచ్చే పుండుకు బారెట్ పేరే పెట్టారు వాళ్లు. 1957లో బారెట్ కూడా తన పాత వాదం వదిలి, వాళ్లు చెప్పినదే నిజమని ఒప్పుకుంటూ వ్యాసం వ్రాశాడు. అలా, మొదట దాన్ని ఆహారనాళమే కాదన్న మనిషి పేరే ఆ ఆహారనాళానికి నిలిచిపోయింది.

పైకి ఎగదన్నే ఆమ్లమే ఈ మార్పుకు ముఖ్య కారణమని తరువాత స్థిరపడింది. ఇది క్యాన్సర్‌కు ముందుమెట్టు కావచ్చునన్న ఎరుక 1970 తరువాత బలపడింది. 1979లో బారెట్ కన్నుమూశాడు. కణాలు బాగా దారితప్పిన వారికి ఆ రోజుల్లో ఆహారనాళాన్నే కోసి తీసేసేవారు. ఇప్పుడు ఎండోస్కోపీ ద్వారానే ఉబ్బెత్తు భాగాన్ని కోసి తీసి, మిగిలిన పొరను రేడియో తరంగాల వేడితో మాడుస్తున్నారు. ఆమ్లం తగ్గించే మాత్రలు వాడుతుంటే అక్కడ మామూలు పొర తిరిగి పెరుగుతుంది. కణాలు కొద్దిగా దారితప్పిన 136 మంది మీద ఐరోపాలో జరిపి 2014లో ప్రకటించిన పరిశోధనలో, మూడేళ్లలో క్యాన్సర్ దాకా పోయినవారు ఈ చికిత్స పొందినవారిలో నూటికి 1.5, ఊరికే గమనిస్తూ వచ్చినవారిలో 8.8. అయితే, 2009లో ఫలితాలు వెలువడిన అమెరికా పరిశోధనలోని రోగులను ఏళ్ల తరబడి గమనిస్తే, పూర్తిగా నయమైనవారిలో దాదాపు మూడోవంతు మందికి పాత పొర ఎంతోకొంత మళ్లీ వచ్చింది. కొందరికి నాళం ఇరుకై మింగడం కష్టమవుతుంది కూడా. అందుకే చికిత్స అయ్యాక కూడా గడువు ప్రకారం చూపించుకోవాలి.

మా పెదనాన్న ఇక్కడే పొరపాటు చేశారు. మంట పోయింది గదా అని రెండేళ్లు ఆసుపత్రి ముఖం చూడలేదు. ఈ చదివిన సంగతులన్నీ చెప్పి, బ్రతిమాలి తీసుకువెళ్లాను. చిన్న మచ్చ మళ్లీ కనిపించింది. సమయానికి చూశారు గనుక దాన్నీ మాడ్చేశారు. ఇప్పుడు తేదీ వస్తే నాకంటే ముందు ఆయనే చొక్కా తొడుక్కుని అరుగుమీద కూర్చుంటున్నారు.

విద్యార్థి మిత్రులారా! రికార్డు పుస్తకంలో ఒక పటం తప్పు గీస్తే కొట్టివేయడానికి మనకు మనసొప్పదు. బారెట్ లోకమంతా చదివేలా తన వాదాన్ని తానే కొట్టివేసుకున్నాడు. ఒకసారి తేల్చేశాం గదా అని ఊరుకోకుండా మళ్లీ చూడడం శాస్త్రానికెంత అవసరమో, రోగికీ అంతే అవసరం. ఆయన జీవితం నుంచి నేను నేర్చుకున్నది ఇదే.