మావటి ఇంట పుట్టి.. హాలీవుడ్‌లో వెలిగి
జనవరి 27 నటుడు సాబు జయంతి
39 ఏళ్లకే ముగిసిన జీవితం.. నేటికీ చెదరని అభిమానం

ఏనుగుల శాలే ఇల్లుగా పెరిగిన బాలుడు పదమూడేళ్ల ప్రాయంలోనే ప్రపంచ ప్రేక్షకుల మన్ననలందుకున్నాడు. అక్షరజ్ఞానం అంతంత మాత్రంగా ఉన్న వయసులో కెమెరా ముందు నిలిచి, అనుభవజ్ఞులైన నటులతో సమానంగా మెప్పించాడు. హాలీవుడ్‌లో అగ్రతారగా వెలిగిన తొలి భారతీయుడు సాబు. ఆయన కన్నుమూసి ఆరు దశాబ్దాలు దాటినా పాత చిత్రాల అభిమానులు ఆ చిరునవ్వును మరచిపోలేదు. జయంతిని పురస్కరించుకుని ఆయన జీవితంపై ప్రత్యేక కథనం.

కారాపుర నుంచి లండన్‌కు..
నాటి మైసూరు సంస్థానంలో కబిని నదీ తీరాన గల కారాపుర గ్రామంలో 1924 జనవరి 27న సాబు జన్మించాడు. కాకనకోట అడవుల అంచున ఉన్న ఈ ప్రాంతం ఖెడ్డాలకు ప్రసిద్ధి. అడవి ఏనుగుల మందలను చుట్టుముట్టి, దుంగల ఆవరణలోకి తోలి పట్టుకోవడాన్నే ఖెడ్డా అంటారు. సాబు తండ్రి మహారాజా వారి కొలువులో మావటి. బాల్యంలోనే తల్లిదండ్రులను కోల్పోయిన సాబు మహారాజా వారి గజశాల నీడన పెరిగాడు. ఏనుగు తొండం పట్టుకుని పైకెక్కడం, కాలి వేళ్లతో చెవుల వెనుక తాకుతూ దారి మళ్లించడం ఆ బాలుడికి ఆటలతో పాటే అబ్బిన విద్యలు.

1935లో బ్రిటిష్ నిర్మాత అలెగ్జాండర్ కోర్డా పంపిన చిత్ర బృందం మైసూరుకు చేరుకుంది. రడ్యార్డ్ కిప్లింగ్ రాసిన ఏనుగుల కథను తెరకెక్కించడం వారి ఉద్దేశం. దర్శకుడు రాబర్ట్ ఫ్లాహర్టీ. ప్రధాన పాత్రకు తగిన బాలుడి కోసం గాలిస్తుండగా ఛాయాగ్రాహకుడు ఆస్మండ్ బోరడైల్ కంట సాబు పడ్డాడు. అంతే.. ఆ పిల్లవాడి జీవితం మలుపు తిరిగింది. మిగిలిన చిత్రీకరణ కోసం అన్నతో కలిసి ఓడలో ఇంగ్లండు చేరుకున్నాడు. అక్కడే బడిలో చేరి ఆంగ్లం నేర్చుకున్నాడు. 1937లో విడుదలైన ‘ఎలిఫెంట్ బాయ్’ ఘన విజయం సాధించింది. వెనిస్ చిత్రోత్సవంలో ఫ్లాహర్టీకి, సహ దర్శకుడు జోల్టాన్ కోర్డాకు ఉత్తమ దర్శకత్వ పురస్కారం లభించింది. అయితే ప్రేక్షకుల నోట మాత్రం సాబు పేరే మార్మోగింది.

కీర్తి వెంటే నిరసన
రెండో చిత్రం ‘ది డ్రమ్’ 1938లో వెలువడింది. వాయవ్య సరిహద్దులోని ఓ చిన్న రాజ్యానికి వారసుడైన రాకుమారుడి పాత్రను సాబు పోషించాడు. తెల్ల సైనికులను ఆపద నుంచి కాపాడే పాత్ర అది. బ్రిటిష్ పాలనను కీర్తిస్తూ స్థానికులను కుట్రదారులుగా చూపిన ఈ చిత్రంపై బొంబాయి, మద్రాసు నగరాల్లో ప్రేక్షకులు ఆగ్రహించారు. నిరసనలు తీవ్రం కావడంతో ప్రదర్శన నిలిపివేయక తప్పలేదు. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో అంతర్భాగంగా ఉన్న రోజులవి. స్వాతంత్య్రోద్యమం ఉద్ధృతంగా సాగుతున్న వేళ సొంత దేశంలోనే తన చిత్రం తిరస్కారానికి గురైంది. కథను గానీ, పాత్రను గానీ ఎంచుకునే స్వేచ్ఛ పద్నాలుగేళ్ల బాలుడికి లేదు. పరాయివారు రాసిన భారతదేశానికి ముఖచిత్రంగా నిలవాల్సి రావడం ఆయన జీవితాంతం వెంటాడిన చిక్కు.

బాగ్దాద్ దొంగగా చిరకీర్తి
సాబు పేరు చెప్పగానే అభిమానులకు ముందుగా గుర్తుకొచ్చేది 1940 నాటి ‘ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్’. ఇంగ్లండులో చిత్రీకరణ సాగుతుండగానే రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చింది. దాంతో చిత్ర బృందం అమెరికాకు తరలివెళ్లి హాలీవుడ్‌లో మిగిలిన భాగాన్ని పూర్తి చేసింది. సీసాలో నుంచి వెలువడే మహాకాయుడైన భూతం, ఎగిరే గుర్రం, గాలిలో తేలే తివాచీ వంటి వింతలతో నిండిన ఈ వర్ణచిత్రంలో చిలిపి దొంగ అబూగా సాబు ఒదిగిపోయాడు. భూతాన్ని మాటలతో మభ్యపెట్టి తిరిగి సీసాలోకి పంపే ఘట్టం ఆయన నటనకు మచ్చుతునక. ఛాయాగ్రహణం, కళా దర్శకత్వం, ప్రత్యేక దృశ్యాల విభాగాల్లో ఈ చిత్రం మూడు ఆస్కార్లు కైవసం చేసుకుంది. జానపద చిత్రాల వైభవం చూసిన తెలుగు ప్రేక్షకులకు ఇలాంటి మాయలోకాలు కొత్త కాదు. 1968లో ఎన్టీ రామారావు కథానాయకుడిగా ‘బాగ్దాద్ గజదొంగ’ తెలుగు తెరపైకి వచ్చిన సంగతి తెలిసిందే.

1942లో వచ్చిన ‘జంగిల్ బుక్’లో మోగ్లీగా నటించి సాబు మరో మెట్టు పైకెక్కాడు. అనంతరం యూనివర్సల్ సంస్థ నిర్మించిన ‘అరేబియన్ నైట్స్’, ‘వైట్ సావేజ్’, ‘కోబ్రా వుమన్’ చిత్రాల్లో మరియా మోంటెజ్, జాన్ హాల్ సరసన కనిపించాడు. వసూళ్లకు కొదవ లేదు. కానీ నాయకుడి పక్కన ఉండే నమ్మిన బంటు పాత్రలే ఆయన వంతయ్యాయి. వయసు పెరిగినా తెరపై తలపాగా, గోచీ వీడలేదు.

యుద్ధరంగంలో సైనికుడిగా..
తారాపథంలో ఉన్న రోజుల్లోనే సాబు సైన్యంలో చేరాడు. 1944లో అమెరికా పౌరసత్వం పొందాడు. భారతీయులు పౌరసత్వానికి అనర్హులంటూ అక్కడి సుప్రీంకోర్టు 1923లో తీర్పు చెప్పింది. ఆ తలుపులు భారతీయులందరికీ తెరుచుకున్నది 1946 నాటి చట్టంతోనే. అంతకు రెండేళ్ల ముందే ఆయనకు ఆ హక్కు దక్కడం విశేషం. బి-24 బాంబర్ విమానంలో తోక భాగాన కూర్చునే తుపాకీ సైనికుడిగా పసిఫిక్ రంగంలో పోరాడాడు. శత్రు విమానాల కాల్పులకు ఎదురుగా ఉండే ప్రమాదకరమైన స్థానమది. ఆయన సాహసానికి విశిష్ట ఫ్లయింగ్ క్రాస్ పతకం వరించింది.

తిరిగొచ్చేసరికి తారుమారు
యుద్ధం ముగిసి తిరిగొచ్చేసరికి ప్రేక్షకుల అభిరుచి మారిపోయింది. మాయా తివాచీల కథలకు గిరాకీ తగ్గింది. 1947లో మైఖేల్ పావెల్, ఎమరిక్ ప్రెస్‌బర్గర్ రూపొందించిన ‘బ్లాక్ నార్సిసస్’లో అత్తరు పరిమళాలతో విహరించే యువరాజుగా సాబు మెరిశాడు. ఆయన నటించిన ఉత్తమ చిత్రాల్లో ఇదొకటని విమర్శకులు నేటికీ అంగీకరిస్తారు. ఆపై వచ్చినవన్నీ చిన్న చిత్రాలే. 1948లో నటి మార్లిన్ కూపర్‌ను వివాహమాడాడు. వారికి ఒక కుమారుడు, ఒక కుమార్తె.

సినిమా అవకాశాలు సన్నగిల్లడంతో 1950ల ఆరంభంలో ఐరోపా సర్కస్‌లలో ఏనుగులతో విన్యాసాలు ప్రదర్శించాడు. ప్రపంచమంతా చుట్టి వచ్చిన తారకు చివరకు ఆసరాగా నిలిచింది బాల్యంలో అబ్బిన మావటి విద్యే. ఇటలీలో విట్టోరియో డి సికాతో కలిసి 1952లో నటించిన చిత్రంలోనూ కథ ఏనుగు చుట్టూనే తిరగడం గమనార్హం.

దర్శకుడు మెహబూబ్ ఖాన్ ‘మదర్ ఇండియా’లో బిర్జూ పాత్రకు తొలుత సాబునే అనుకున్నారు. విదేశీ పౌరుడైన ఆయనకు పని అనుమతి లభించక ఆ ప్రయత్నం ఫలించలేదు. 1957లో విడుదలైన చిత్రంలో ఆ పాత్ర సునీల్ దత్‌కు పేరు తెచ్చింది. ఆ విధంగా భారతదేశాన్ని విదేశీ తెరకు పరిచయం చేసిన నటుడు ఒక్క భారతీయ చిత్రంలోనూ నటించకుండానే వెళ్లిపోయాడు.

అర్ధంతరంగా అస్తమయం
1960లో హాలీవుడ్ కీర్తి పథంలో సాబు పేరిట నక్షత్ర ఫలకం అమర్చారు. రాబర్ట్ మిచమ్‌తో కలిసి నటించిన ‘రాంపేజ్’ 1963లో విడుదలైంది. అదే ఏడాది డిసెంబరు 2న లాస్ ఏంజెలెస్ నగర పరిధిలోని చాట్స్‌వర్త్‌లో గుండెపోటుతో హఠాన్మరణం చెందాడు. అప్పటికి ఆయన వయసు 39 ఏళ్లే. డిస్నీ సంస్థ నిర్మించిన చివరి చిత్రం ‘ఎ టైగర్ వాక్స్’ మరుసటి ఏడాది ప్రేక్షకుల ముందుకొచ్చింది. హాలీవుడ్ కొండల్లోని ఫారెస్ట్ లాన్ శ్మశానవాటికలో ఆయన శాశ్వత నిద్రలో ఉన్నాడు.

అభిమానుల గుండెల్లో..
సాబును మరచిపోని వారిలో ఉద్దండులున్నారు. ప్రఖ్యాత దర్శకులు మార్టిన్ స్కోర్సెసీ, ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా ‘థీఫ్ ఆఫ్ బాగ్దాద్’ డీవీడీకి వ్యాఖ్యానం అందించారు. అమెరికన్ గాయకుడు జాన్ ప్రైన్ 1978లో సాబు ఒంటరితనంపై పాట కట్టాడు. 1992 నాటి డిస్నీ ‘అల్లాదిన్’లో కోతికి అబూ అనే పేరు రావడానికి ఆయన పోషించిన చిలిపి దొంగ పాత్రే మూలం.

ఆయన పుట్టిన గడ్డ మాత్రం చాలా మారింది. 1971లో కాకనకోట చివరి ఖెడ్డాను చూసింది. కబిని జలాశయంలో ఆ ప్రాంతంలో చాలా భాగం మునిగిపోయింది. మావటి విద్య మాత్రం అంతరించలేదు. చిత్తూరు జిల్లాలో పంటలపై ఏనుగుల దాడులను అరికట్టేందుకు కర్ణాటక ప్రభుత్వం 2025 మేలో శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించింది. పలమనేరు సమీపంలోని ముసలిమడుగు శిబిరానికి అవి చేరాయి. అవి మాట వినాలన్నా, అడవి ఏనుగులను మళ్లించాలన్నా మావటి నేర్పే ఆధారం. తెర వెనుక మిగిలిపోయే ఆ వృత్తి నుంచే ఒక ప్రపంచ స్థాయి నటుడు ఎదిగివచ్చాడన్నది నేటి తరం తెలుసుకోదగిన విషయం.