వీధి పలుకును వేదిక కెక్కించిన గురజాడ

ఒక పట్టణపు చరిత్ర కోటగోడల మీదను, శాసనాలలోను మాత్రమే ఉండదు. కోట యెదుట కొట్లలో బేరమాడే గొంతుకలలోను, పూటకూళ్ళ యిళ్ళలోను, బాకీ వసూలుకు తిరిగే నౌకర్ల మాటలలోను కూడ ఉంటుంది. ఈ సంగతి గుర్తించి, ఆనాటి విశాఖపట్టణం జిల్లా జనుల నోటి తెలుగును సాహిత్యంలో ప్రతిష్ఠించిన మహాకవి గురజాడ వేంకట అప్పారావుగారు.

1862 సెప్టెంబరు 21వ తేదీన మేనమామల ఊరైన రాయవరంలో ఆయన జన్మించారు. తల్లి కౌసల్యమ్మ, తండ్రి వేంకట రామదాసు. బాల్యం చీపురుపల్లిలో గడిచింది. పిమ్మట విజయనగరం చేరి, పేద విద్యార్థిగా చంద్రశేఖరశాస్త్రిగారి ఆదరణలో చదువుకొన్నారు. 1886లో బి.ఏ. పట్టం పొంది, తాము చదివిన కళాశాలలోనే అధ్యాపకులైనారు. ఆనందగజపతి మహారాజు ప్రాపు లభించింది.

ఆ కాలంలో జిల్లాలో శుల్కం పుచ్చుకొని చేసిన పెళ్ళిళ్ళ పట్టికను మహారాజు తయారు చేయించగా, మూడేళ్ళలో 1034 లెక్క తేలాయి. వారిలో అయిదేళ్ళ పసిపిల్లలే 99 మంది! అంగట్లో సరుకుకైనా మంచిచెడ్డలు చూసే కొనుగోలుదారు దొరుకుతాడు. ఈ పిల్లల మంచిచెడ్డలు విచారించేవారు లేకపోయారు. ఈ ఆవేదన నుండి పుట్టినదే ‘కన్యాశుల్కం’. 1892లో ప్రదర్శన పొంది, 1897లో అచ్చయింది. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి కాలంలో, 1909లో, ఎంతో విస్తరించి కొత్త రూపం దాల్చింది.

నాటకం విజయనగరంలోని బొంకులదిబ్బ వద్ద ఆరంభమవుతుంది. ఊరినిండా అప్పులు చేసిన గిరీశాన్ని ఫోటోగ్రాఫు పంతులుగారి నౌకరు సొమ్ముకై నిలవేస్తాడు. పూటకూళ్ళమ్మ చీపురుకట్ట పుచ్చుకొని వెతుకుతుంది. కథ అగ్రహారాల మీదుగా, సారాదుకాణం మీదుగా నడిచి, విశాఖపట్టణంలో వకీళ్ళ నడుమ ముగుస్తుంది. అవధాన్లకు ఒక తెలుగు, వకీలుకు వేరొక తెలుగు, బైరాగికి మరొకటి. ఎవరి భాష వారిదే. పాత్రలను గ్రంథాలలో వెతకక వీధిలో విన్న చెవికే ఇది సాధ్యం.

1910లో ‘ముత్యాల సరాలు’, ‘దిద్దుబాటు’ వెలువడినాయి. కాని వీధి పలుకును నాటకంలో నవ్వుతూ ఆదరించిన పండితులే బడిలో దానిని వెలివేశారు. సహాధ్యాయి గిడుగు వేంకట రామమూర్తిగారితో కలిసి అప్పారావుగారు వాడుకభాష పక్షాన నిలిచారు. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి తమ అసమ్మతిపత్రం సమర్పించారు. నాడు ఆ వాదం నెగ్గలేదు. ఆరోగ్యం క్షీణించి, 1915 నవంబరు 30న ఆయన కన్నుమూశారు. పాఠ్యగ్రంథాలలోను, పరీక్షపత్రాలలోను ఆ భాషకు పూర్తిగా చోటు దొరకడానికి దశాబ్దాలు పట్టింది.

విజయనగరం 1979లో ప్రత్యేక జిల్లా అయింది. అంగళ్ళు మారాయి, బేరాల తీరు మారింది. అయినను ఆ నాటకాన్ని తరగతిలో గొంతెత్తి చదివితే పాతవీధి మళ్ళీ వినబడుతుంది. ఉపాధ్యాయ మిత్రులు విద్యార్థులచేత పాత్రలు పంచి చదివించాలి. తమ ఇంటి మాట తప్పుమాట కాదని పల్లె నుండి వచ్చిన ఒక్క బాలుడు గ్రహించినా, అప్పారావుగారి శ్రమ ఫలించినట్లే.