సాక్సనుల దర్పణకర్త ఐకె ఫాన్ రెప్గో

రాజ్యములు జయించినవారి చరిత్రలను మనము తరచుగా చదువుచుందుము. ఒక చిన్న ప్రభుకుటుంబమున పుట్టి, ప్రజల ధర్మమును ప్రజల భాషలో వ్రాసి శాశ్వతకీర్తి నందిన వాని చరిత్ర యిది.

జర్మనీదేశమున ఎల్బ్ నదీప్రాంతమున, దెస్సౌ పట్టణమునకు సమీపమున రెప్గో అను గ్రామము కలదు. నేడు దానిని రెప్పిఖౌ అందురు. మన తెలుగువారిలో అనేకులకు వలెనే ఊరిపేరే ఆ వంశమునకు ఇంటిపేరయ్యెను. ఐకె సుమారు 1180వ సంవత్సరమున జన్మించెను. 1209 మొదలు 1233 వరకు గల ఆరు పత్రములలో ఇతని పేరు కానవచ్చుచున్నది.

ఆ కాలమున సాక్సనుల న్యాయము పెద్దల జ్ఞాపకమున, నోటిమాటగా నుండెను. గ్రంథములు లాటిను భాషలో నుండెను. లాటిను మతగురువులకును పండితులకును మాత్రమే తెలియును. తన హక్కు ఏదియో రైతు చదివి తెలిసికొను మార్గము లేకుండెను.

ఐకె ఆ ఆచారధర్మముల నన్నింటిని సేకరించి మొదట లాటినులోనే వ్రాసెను. క్వెడ్లిన్‌బుర్గ్ మఠమునకు సంరక్షకుడైన ఫాల్కెన్‌స్టైన్ ప్రభువు హోయర్ దానిని జర్మను భాషలోనికి మార్చుమని కోరెను. ఆ పని మిక్కిలి కష్టమని తోచి ఐకె తొలుత వెనుదీసెను. తుదకు ప్రభువు కోరికను మన్నించెను. 1220, 1235 సంవత్సరముల నడుమ రూపొందిన ఆ గ్రంథమే ‘సాక్సనుల దర్పణము’. అద్దమున ముఖము కనబడునట్లు ఇందు ప్రజలకు తమ ధర్మము కనబడునని ఆ పేరుంచెను. నిమ్నజర్మను వచనమున వెలసిన తొలి పెద్ద గ్రంథములలో ఇది యొకటి.

ఇందలి నియమములు నిత్యజీవితమునకు సంబంధించినవి. పిండిమరకు ముందు వచ్చినవాడు ముందు విసరుకొనవలెను. వట్టిబండి బరువుబండికి దారి యీయవలెను. వంతెనపైకి మాత్రము ముందు వచ్చిన బండియే ముందు దాటవలెను. బాటసారి గుఱ్ఱము అలసి నడువలేనిచో, అతడు ఒక కాలు దారిలోనే యుంచి, చేతికందిన పైరు కోసి మేపవచ్చును, వెంట కొనిపోరాదు.

తాను ప్రభువర్గమువాడయ్యు ఐకె దాస్యమును సమర్థింపలేదు. దేవుడు మానవుని తన రూపమున సృజించెననియు, దాస్యము బలాత్కారమువలనను చెఱవలనను పుట్టిన అన్యాయమనియు నిర్భయముగా వ్రాసెను.

1374లో పోపు పదునొకండవ గ్రెగరీ ఇందలి 14 సూత్రములను ఖండించెను. అయినను ప్రజలు ఈ గ్రంథమును విడువలేదు. చదువు రానివారికిని ఉపకరించునట్లు నియమముల ప్రక్కన బొమ్మలు గీసిన ప్రతులు సైతము వెలసెను; అట్టివి నాలుగు నేటికిని నిలిచియున్నవి. ప్రష్యాలో 1794 వరకును, సాక్సనీలో 1865 వరకును, ఆన్‌హాల్ట్‌లో 1900 వరకును ఈ ధర్మము చెల్లుబడి యయ్యెను.

విద్యార్థులారా! ఐకె లాటినును తృణీకరింపలేదు. దానిని చక్కగా నేర్చెను. నేర్చిన విద్యను తనవారి భాషలోనికి తెచ్చెను. ఇంట తెలుగును, వీధిలో మఱియొక భాషను పలుకు మనకు ఇతని జీవితము దారి చూపుచున్నది. ఇరుగుపొరుగువారి భాషను శ్రద్ధతో నేర్వుడు. నేర్చినదానిని బడికి రాలేని మీ తల్లిదండ్రులకు, అవ్వతాతలకు తెలుగున విప్పిచెప్పుడు. ఒక అర్జీని, ఒక పత్రమును వారికి అర్థమగునట్లు వివరించినను, ఐకె చేసిన పనిలో మీరు కొంత చేసినవారే యగుదురు.