రాజా దీన్‌దయాళ్

దీన్‌దయాళ్ 1844వ సంవత్సరమున మీరట్ సమీపమున గల సర్ధనాలో జన్మించెను. రూర్కీ కళాశాలలో ఇంజనీరింగు విద్య నభ్యసించి, 1866లో ఇండోరున మరామతు శాఖలో చేరెను. 1874 ప్రాంతమున ఛాయాచిత్రకళపై మక్కువ కలిగెను. క్రమముగా నది బలపడగా, నెలజీతమిచ్చు కొలువును విడిచి, రాబడి నిలుకడ లేని వృత్తిని చేపట్టెను. సంసారికి ఇది సామాన్య సాహసము కాదు.

ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆతనిని ఆస్థాన ఛాయాచిత్రకారునిగా నియమించి, 1894లో ముసవ్విర్ జంగ్ అను బిరుదముతో రాజును గావించెను. సికింద్రాబాదున ఆతని చిత్రశాల వర్ధిల్లెను. ఘోషా స్త్రీలకై 1892లో వేరొక చిత్రశాలను నెలకొల్పెను. అచట చిత్రములు తీయువారును స్త్రీలే.

సౌధాంతర్భాగములను చిత్రించుట మిక్కిలి కష్టము. ఆనాడు మందు పూసిన గాజుపలకలే సాధనములు. వెలుతురు చాలని గదిలో కెమెరాను ముక్కాలిపై కదలకుండ నిలిపి, కటకమును చాలసేపు తెరచి యుంచవలెను. కెమెరా ఏమాత్రము వంగినను స్తంభములు వాలినట్లు కన్పట్టును. నిలువుటద్దములున్నచో చిత్రమున కెమెరాయే ప్రత్యక్షమగును! కట్టడముల పటములు గీసిన చేయి గనుక దీన్‌దయాళ్ నిలువుగీత విలువ నెరుగును.

ఆతడు 1905లో బొంబాయిలో మరణించెను. ఆతని గాజుపలకలు రెండువేలకు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున నున్నవి. హైదరాబాదులోని బషీర్‌బాగు సౌధము నేడు లేదు. పేటకు పేరు మాత్రము మిగిలినది. ఆ సౌధపు గదులను దీన్‌దయాళ్ చిత్రములలోనే చూడవలెను.