జామియా పంతులు - డాక్టర్ జాకిర్ హుసేన్ సాబ్

మనలో పెద్దలు ఎవరైనా కాలం చేస్తే నాలుగు రోజులు వారి మాటే చెప్పుకుంటాం. సంతాప సభ పెడతాం. ఫోటో పెద్దది చేయించి గోడకు తగిలిస్తాం. వీలైతే ఒక వీధికో, హాలుకో పేరు పెడతాం. ఇందులో తప్పు పట్టవలసింది లేదు. ప్రేమ ఉన్నచోట జ్ఞాపకం ఉంటుంది. కాని ఏడాది తిరిగేసరికి ఫోటో అద్దం మీద దుమ్ము పేరుకుంటుంది, ఆ పెద్దమనిషి ప్రాణం పెట్టి మొదలుపెట్టిన పని మూలన పడుతుంది. ఆ తరువాత మిగిలేది చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకొనేవాళ్ళే.

పోయినవారిని గౌరవించటం ఎలాగో మాటలతో కాక బతుకుతో చూపిన మహనీయులు మన దేశంలో కొందరున్నారు. వారిలో డాక్టర్ జాకిర్ హుసేన్ సాబ్ ఒకరు. ఆయన భారత రాష్ట్రపతి అయ్యారన్న సంగతి మన పిల్లలు కూడా చెబుతారు. అంతకుముందు ఇరవై రెండేళ్ళు ఆయన ఏం చేశారన్నది మాత్రం చాలామందికి తెలియదు. మన సొసైటీ కుటుంబాలు తెలుసుకోవలసింది ముఖ్యంగా ఆ ఇరవై రెండేళ్ళ సంగతే.

హైదరాబాదు బిడ్డ

జాకిర్ సాబ్ పుట్టింది మన హైదరాబాదులోనే, 1897 ఫిబ్రవరి 8న. వారి పూర్వీకులు ఉత్తర ప్రదేశ్‌లో ఫరూఖాబాద్ జిల్లా ఖాయంగంజ్‌కు చెందిన పఠానులు. తండ్రి ఫిదా హుసేన్ ఖాన్ హైదరాబాదు వచ్చి వకీలుగా స్థిరపడి మంచి పేరు సంపాదించారు. ఏడుగురు అన్నదమ్ములలో జాకిర్ సాబ్ మూడవవారు. సుఖంగా సాగుతున్న సంసారం మీద 1907లో పిడుగు పడింది. తండ్రి చిన్న వయసులోనే క్షయ జబ్బుతో పోయారు. తల్లి నాజనీన్ బేగం పిల్లల్ని వెంటబెట్టుకొని ఖాయంగంజ్ వెళ్ళిపోయారు. జాకిర్ సాబ్‌ను ఇటావాలో ఇస్లామియా హైస్కూల్లో వేశారు. ఆయన అక్కడ చదువుకుంటూ ఉండగానే 1911లో ఊళ్ళో ప్లేగు వచ్చి ఆ తల్లిని కూడా తీసుకుపోయింది. పధ్నాలుగేళ్ళకే తల్లీ తండ్రీ లేని పిల్లవాడయ్యాడు.

అనాథ పిల్లవాడికి చదువు అంటే ఏమిటో, చేయి పట్టి నడిపించే ఉస్తాదు అంటే ఎవరో జాకిర్ సాబ్‌కు పుస్తకాలు చెప్పలేదు, బతుకే నేర్పింది. ఇటావా నుంచి అలీగఢ్ చేరి, సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ స్థాపించిన కాలేజీలో చదివారు. చురుకైన విద్యార్థి, చక్కటి వక్త అని పేరు పడింది.

గుడారాల్లో పుట్టిన విద్యాలయం

1920లో గాంధీజీ, అలీ సోదరులు అలీగఢ్ వచ్చి, తెల్లదొరల సొమ్ముతో నడిచే కాలేజీలు విడిచి రమ్మని విద్యార్థులను పిలిచారు. జాకిర్ సాబ్ అప్పటికి ఎం.ఏ. చదువుతూ, కాలేజీలోనే పాఠాలు కూడా చెబుతున్నారు. ముందు మంచి ఉద్యోగం కనిపిస్తున్నది. అయినా బయటికి వచ్చేశారు. ఊరికే రాలేదు. కాలేజీ వదిలితే పిల్లలు ఎక్కడ చదవాలి అని ఆలోచించి, మన సొంత విద్యాలయం ఒకటి కావాలని పెద్దల దగ్గర పట్టుబట్టినవారిలో ఆయన ఉన్నారు. ఆ విధంగా 1920 అక్టోబరు 29న అలీగఢ్ లోనే జామియా మిల్లియా ఇస్లామియా పుట్టింది. మొదట్లో గుడారాల్లోనే తరగతులు. ఢిల్లీకి చెందిన పేరు మోసిన యునానీ వైద్యులు హకీం అజ్మల్ ఖాన్ సాబ్ దానికి మొదటి ఛాన్సలరు. 1925లో జామియా ఢిల్లీ కరోల్‌బాగ్‌కు తరలింది.

జాకిర్ సాబ్ 1922లో జర్మనీ వెళ్ళారు. బెర్లిన్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివి డాక్టరేటు తెచ్చుకున్నారు. అక్కడున్నప్పుడే గాలిబ్ దీవాన్‌ను ముచ్చటగా అచ్చు వేయించారు. ఇక్కడ చూస్తే జామియా చేతిలో పైసా లేదు. ఖిలాఫత్ ఉద్యమం చల్లబడటంతో వచ్చే డబ్బు ఆగిపోయింది, మూసేద్దామన్న మాటలు వినవచ్చాయి. ఆ కబురు అందగానే జాకిర్ సాబ్, ఆయన మిత్రులు ఆబిద్ హుసేన్, మహమ్మద్ ముజీబ్ గార్లు తాము ముగ్గురమూ వచ్చి జామియాకే జీవితం అంకితం చేస్తామని, అంతవరకు మూయవద్దని జర్మనీ నుంచి తెలియజేశారు. 1926లో వచ్చి మాట నిలబెట్టుకున్నారు. ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో జాకిర్ సాబ్ జామియాకు వైస్ ఛాన్సలరు అయ్యారు. అక్కడి భాషలో షేఖుల్ జామియా. హోదా పెద్దది, గల్లా పెట్టె ఖాళీ.

హకీం సాబ్ పోయిన తరువాత

అంతలో 1927 డిసెంబరు చివర హకీం అజ్మల్ ఖాన్ సాబ్ అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. జామియా ఖర్చులు అప్పటిదాకా ఆయన పలుకుబడి మీద, ఆయన సొంత సొమ్ము మీద నడుస్తున్నాయి. ఆ అండ పోయింది. తల మీద అప్పులు, నెలల తరబడి జీతాలు లేవు. ఇక జామియా పని అయిపోయినట్లే అనుకున్నారందరూ.

అప్పుడు జాకిర్ సాబ్ ఏం చేశారో చూడండి. ఉపాధ్యాయులు అందరూ కలిసి 1928లో ఒక సంఘంగా ఏర్పడ్డారు. ఇరవై సంవత్సరాలపాటు జామియాలోనే పనిచేస్తాం, నెలకు నూట యాభై రూపాయలకు మించి జీతం అడగము అని ప్రమాణం చేశారు. జాకిర్ సాబ్ ఆ హద్దు కంటే కూడా తక్కువే తీసుకున్నారు. జర్మనీ డాక్టరేటు ఉన్నవాడికి ఆ రోజుల్లో పెద్ద జీతం దొరకటం కష్టమేమీ కాదు. ఇంట్లో బేగం షాజహాన్ గారు, పిల్లలు ఉన్నారు. ఇరవై ఏళ్ళు అంటే మాటలా? మనిషి వయసులో ఉన్న కాలమంతా అదే కదా!

హకీం సాబ్‌కు ఇంతకంటే గొప్ప స్మారకం ఎవరు కట్టగలరు? పాలరాయి కట్టడానికి కావలసిన డబ్బు వారి దగ్గర లేదు. ఉన్నది తమ ఆయుష్షు. అందులోంచి ఇరవై ఏళ్ళు తీసి ఇచ్చారు.

డబ్బు సంగతి కూడా తెలుసుకోతగినది. ఒక్క నవాబు మీదో, ఒక్క సేఠ్ మీదో ఆధారపడితే ఆయనతోనే విద్యాలయం పోతుందని అనుభవం చెప్పింది. అందుకని హందర్దానె జామియా అనే పేరుతో ఊరూరా మామూలు మనుషుల దగ్గర చిన్న చిన్న చందాలు పోగుచేసే ఏర్పాటు చేశారు. షఫీఖుర్రహ్మాన్ కిద్వాయి గారు ఆ పని భుజాన వేసుకొని ఊళ్ళు తిరిగారు. 1935 మార్చి 1న ఢిల్లీ శివారులోని ఓఖ్లాలో జామియా సొంత భవనానికి శంకుస్థాపన జరిగింది. వేదిక మీద పెద్ద పెద్దవారు ఎందరో ఉన్నా, పునాది రాయి వేసింది మాత్రం బడిలో అందరికంటే చిన్న పిల్లవాడు. ఆ విద్యాలయం ఎవరిదో అంతకంటే విడమరచి చెప్పనక్కరలేదు.

పిల్లల పంతులు

జాకిర్ సాబ్ అంత చదివీ చిన్నపిల్లల తరగతుల్లో కూర్చోవటానికి చిన్నతనం అనుకోలేదు. బూట్లు శుభ్రంగా ఉంచుకోండని ఎన్నిసార్లు చెప్పినా విద్యార్థులు వినకపోతే, ఒకనాడు బ్రష్షు, పాలిష్ పట్టుకొని గేటు దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళ బూట్లు తానే తుడవబోయారని, సిగ్గుపడి ఆ మరునాటి నుంచి అందరూ దారిలోకి వచ్చారని జామియాలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇంకొక సంగతి చెప్పాలంటే గుండె బరువెక్కుతుంది. ప్రైమరీ బడిలో పరీక్ష ఫలితాల రోజు. జాకిర్ సాబ్ పిల్లలకు మిఠాయి పంచుతున్నారు. ఇంట్లో మూడేళ్ళ కూతురు రెహానాకు జబ్బుగా ఉన్నది. ప్యూను వచ్చి పాపకు బాగాలేదని చెవిలో చెప్పాడు. ఆయన పంచుతూనే ఉన్నారు. కాసేపటికి మళ్ళీ వచ్చి పాప పోయిందని చెప్పాడు. ఆయన ముఖం పాలిపోయింది, చెయ్యి మాత్రం ఆగలేదు. సంగతి తెలిసి తోటి ఉపాధ్యాయులు కంగారుపడి, వెంటనే లేచి రాలేదేమని అడిగితే, పిల్లలంతా అంత సంతోషంగా ఉన్నారు, వాళ్ళ సంతోషం చెడగొట్టబుద్ధి కాలేదని అన్నారట. ఆ తండ్రి కడుపుకోత ఎంతటిదో తరువాత తెలిసింది. ఆయన పిల్లల కోసం కథలు రాసి, రుఖయ్యా రెహానా అనే పేరుతో అచ్చు వేయించారు. అబ్బూ ఖాన్ మేక కథ అందులోదే. కొండల మీద స్వేచ్ఛ కోసం రాత్రంతా తోడేలుతో పోరాడిన మేక కథ అది. వయసు నిండని ఆ చిన్నారి పేరు కథలు చదివే పిల్లల నోట బతికింది.

కష్టకాలం

1937లో వార్ధాలో గాంధీజీ పిలిచిన విద్యా సభలో జాకిర్ సాబ్ పాల్గొన్నారు. ఏడేళ్ళ ఉచిత నిర్బంధ విద్య, మాతృభాషలో చదువు, చేతిపని ద్వారా బోధన అన్న బేసిక్ విద్యా ప్రణాళికను తయారుచేసిన కమిటీకి ఆయనే అధ్యక్షులు. దీని మీద ముస్లిం లీగు వారు గట్టిగా విమర్శలు చేశారు. ఆయన ఎవరినీ ఎదురు తిట్టలేదు, తన పని తాను చేసుకుపోయారు. 1946 నవంబరులో జామియా రజతోత్సవం జరిగింది. నెహ్రూ, ఆజాద్ ఒక వంకా, జిన్నా, లియాఖత్ అలీ మరొక వంకా. ఒకరి ముఖం ఒకరు చూడని ఆ రోజుల్లో, అందరూ ఒకే వేదిక మీద కూర్చున్నారంటే అది జాకిర్ సాబ్ మీద ఉన్న గౌరవమే. దేశమంతా రగులుతున్న మంటలను ఆర్పండని, ఎవరు అంటించారన్న విచారణ తరువాత చేసుకోవచ్చని ఆయన ఆ సభలో కన్నీళ్ళతో వేడుకున్నారు.

మంటలు ఆరలేదు. 1947లో ఆయన రైల్లో కాశ్మీరుకు పోతుండగా జలంధర్ స్టేషనులో గుంపు చుట్టుముట్టింది. చావు అంచుదాకా వెళ్ళారు. ఒక సిక్కు సైనిక అధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి అడ్డుపడి ప్రాణం కాపాడారు. కరోల్‌బాగ్‌లోని జామియా పుస్తకాలు తగలబడిపోయాయి. ఆయన మనసులో చేదు పెట్టుకోలేదు. ఢిల్లీలో శరణార్థుల సేవకు దిగారు. దేశవిభజన తరువాత దిక్కుతోచక ఉన్న అలీగఢ్ విశ్వవిద్యాలయానికి 1948లో వైస్ ఛాన్సలరుగా వెళ్ళి, 1956 దాకా ఉండి దాన్ని నిలబెట్టారు.

పదవులు వచ్చాయి

ఆ పైన పదవులు వాటంతట అవే వచ్చాయి. 1957లో బీహారు గవర్నరు, 1962లో ఉపరాష్ట్రపతి, 1963లో భారతరత్న. 1967 రాష్ట్రపతి ఎన్నికలో ఆయనకు పోటీగా నిలిచినవారు మన తెలుగువారు, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన కోకా సుబ్బారావు గారు. ఓట్ల విలువ లెక్కలో జాకిర్ సాబ్‌కు 4,71,244, సుబ్బారావు గారికి 3,63,971 వచ్చాయి. ఆ విధంగా 1967 మే 13న ఒక ముస్లిం మొదటిసారి భారత రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. జామియాను విడిచి పదవుల్లోకి వెళ్ళారే అని నొచ్చుకున్న మిత్రులు కూడా లేకపోలేదు. కాని ఎక్కడ ఉన్నా ఆయన మనసు గులాబీ మొక్కల మీద, పుస్తకాల మీద, పిల్లల చదువు మీదే ఉండేది.

1969 మే 3న వైద్యులు పరీక్షించటానికి వచ్చి కూర్చున్న సమయంలోనే గుండె ఆగి ఆయన కన్నుమూశారు. పదవిలో ఉండగా మరణించిన మొదటి రాష్ట్రపతి ఆయనే. ఉపరాష్ట్రపతి వి.వి. గిరి గారు తాత్కాలికంగా ఆ బాధ్యత స్వీకరించారు. జాకిర్ సాబ్‌ను ఖననం చేసింది జామియా ఆవరణలోనే. ప్రభుత్వం తపాలా బిళ్ళ వేసింది. చండీగఢ్ గులాబీ తోటకు ఆయన పేరు ఉన్నది. 1975లో పాత ఢిల్లీ కాలేజీకి ఆయన పేరు పెట్టారు. జామియా గ్రంథాలయం కూడా ఆయన పేరుతోనే ఉన్నది. ఒకప్పుడు మూసేద్దామనుకున్న ఆ జామియా 1988లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. ఆయన సమాధి పక్కగా ప్రతిరోజూ వేలాది పిల్లలు పుస్తకాలు పట్టుకొని క్లాసులకు పోతుంటారు. ఇంతకంటే మంచి ఖబరస్తాన్ ఏ పంతులుకు దొరుకుతుంది?

మన వంతు

మనిషి పోయిన తరువాత కూడా పుణ్యం అందుతూ ఉండే దానాన్ని మనం సదఖా జారియా అంటాం. బావి తవ్వించటం, మసీదు కట్టించటం, విద్య నేర్పటం అందులోవి. హకీం సాబ్ పోతే జాకిర్ సాబ్ ఆ దీపం అందుకున్నారు. జాకిర్ సాబ్ అలీగఢ్ వెళ్ళినప్పుడు ముజీబ్ సాబ్ అందుకున్నారు. దీపం ఆరలేదు గనుకనే ఆ పేర్లు వెలుగుతున్నాయి.

మన సొసైటీ గోడల మీద కూడా పెద్దల ఫోటోలు ఉన్నాయి. వారు స్కాలర్‌షిప్పుల నిధి పెట్టారు, ఫీజు కట్టలేని పిల్లలకు చదువు చెప్పించారు. వారికి దండ వేసిన రోజునే మన చందా బాకీ ఏమైనా ఉన్నదేమో చూసుకుందాం. మన వీధిలో బడి మానేసిన అబ్బాయో, అమ్మాయో ఉంటే ఇంటికి వెళ్ళి అమ్మీ అబ్బాలతో మాట్లాడుదాం. ఇరవై ఏళ్ళు ఇవ్వమని ఎవరూ అడగటం లేదు. వారానికి రెండు గంటలు ఇస్తే చాలు.

అల్లాహ్ జాకిర్ సాబ్‌కు, మనకు దారి చూపి వెళ్ళిన పెద్దలందరికీ స్వర్గంలో ఉన్నత స్థానం ప్రసాదించుగాక! వారి పని కొనసాగించే శక్తి మనకు ఇచ్చుగాక! ఆమీన్.