బేసిక్ భాషాకర్త జాన్ కెమెనీ

1926 మే 31వ తేదీన హంగరీ రాజధాని బుడాపెస్టులో ఒక యూదు కుటుంబమున జాన్ కెమెనీ జన్మించెను. హిట్లరు నీడ ఐరోపాపై పరచుకొనుచుండగా తండ్రి ముందుగా అమెరికా చేరి, 1940లో ఆలుబిడ్డలను రప్పించుకొనెను. తాతగారు మాత్రము పుట్టినగడ్డ విడువనొల్లక అచటనే నిలిచి, ఆ మారణకాండలో అసువులు బాసెను.

ప్రిన్స్‌టన్‌లో చదువుచుండగనే 1945లో కెమెనీ లాస్ ఆలమోస్ చేరి, అణుబాంబు నిర్మాణమునకు లెక్కలు కట్టు పనిలో కుదిరెను. చిల్లులు పొడిచిన కార్డులను యంత్రములకు అందించుచు రేయింబవళ్ళు శ్రమించినను ఒక్క సమస్య తేలుటకు వారములు పట్టెడిది. 1949లో డాక్టరేటు పొందెను. ఐన్‌స్టీనునకు గణితమున సహాయకుడుగా నుండినదియు ఆ రోజులలోనే. అట్టివాడు 1953లో డార్ట్‌మత్ కళాశాలకు పోయి బాలురకు పాఠములు చెప్పుటకు పూనుకొనెను.

ఆనాటి కంప్యూటరు గర్భగుడిలోని మూలవిరాట్టు. విద్యార్థి తన లెక్కను కార్డులపై నెక్కించి, అర్చకుని వంటి ఉద్యోగి చేతికిచ్చి, ఫలితమునకై వేచియుండవలెను. ఒక్క కామా తప్పినచో మరల మొదటికే! చరిత్ర, సాహిత్యము చదువువారికిని ఈ యంత్రము అందవలెనని కెమెనీయు, సహాధ్యాపకుడు థామస్ కర్ట్జును సంకల్పించిరి. కొందరు విద్యార్థులే తోడ్పడిరి. 1964 మే 1వ తేదీ తెల్లవారుజామున 4 గంటలకు, ఒకే యంత్రముపై ఇరువురి లెక్కలు ఏకకాలమున నడచినవి. ఆ భాషయే బేసిక్.

తెనాలి జంక్షనులో ఒక దారి బాపట్లకును, వేరొకటి రేపల్లెకును చీలినట్లు, ఈ భాషయు పలుత్రోవల పట్టెను. డార్ట్‌మత్ బేసిక్‌లో సంఖ్యలన్నియు ఒకే జాతి. పూర్ణాంకమా, దశాంశమా యను చింత విద్యార్థికి లేదు. విలువ నిచ్చునపుడు ‘లెట్’ తప్పనిసరి. మాత్రికల గణనకు ‘మ్యాట్’ ఆజ్ఞ తరువాత చేరినది. 1975లో బిల్ గేట్స్, పాల్ అలెన్ ఆల్టెయిర్ అను చిన్న యంత్రమునకు బేసిక్ వ్రాసిరి. జ్ఞాపకశక్తి మిక్కిలి స్వల్పము గనుక మ్యాట్ పోయినది, లెట్ ఐచ్ఛికమైనది. మూలభాష కార్యక్రమమునంతయు ముందుగా యంత్రభాషలోనికి మార్చుకొనగా, ఇది పంక్తి వెంబడి పంక్తిగా అర్థము చెప్పుకొనుచు నడచెడిది. అందువలన వేగము తగ్గెను. తరువాత మన విద్యార్థులు నేర్చిన జీడబ్ల్యూ బేసిక్ ఈ శాఖలోనిదే. అందు సంఖ్యల జాతి తెలుపుటకు పేరు చివర గుర్తులుంచవచ్చును. 1984లో భారత ప్రభుత్వము పాఠశాలలలో కంప్యూటరు విద్య నారంభించినపుడు వచ్చిన బీబీసీ మైక్రో యంత్రములలోని బేసిక్ మరియొక త్రోవది. అందు విధానములకు పేర్లు పెట్టుకొను సౌకర్యముండుటచే ‘గోటూ’ గెంతులు చాలవరకు తప్పినవి. బోధకునకు ఇదియే మేలైనదని చెప్పవచ్చును. బొమ్మలు గీయు ఆజ్ఞలు మాత్రము యంత్రమునకొక తీరు. ఒకదానికై వ్రాసినది వేరొకదానిపై నడువదు.

ఈ సంకరము కెమెనీకి కష్టము కలిగించెను. 1970 నుండి 1981 వరకు కళాశాలాధ్యక్షుడై, 1972లో స్త్రీలకు ప్రవేశము కల్పించి, 1979లో త్రీ మైల్ ఐలెండ్ అణువిద్యుత్కేంద్ర ప్రమాదముపై విచారణ సంఘమునకు అధ్యక్షత వహించియు, ఆతడు పాఠము చెప్పుట మానలేదు. పదవి వీడిన పిమ్మట కర్ట్జుతో కూడి, ఏ యంత్రముపైనైనను ఒకే తీరున నడచు ‘ట్రూ బేసిక్’ను 1985లో వెలువరించెను. వరుససంఖ్యల నిర్బంధమును అందు తొలగించిరి. కాని యంత్రముతోపాటు వచ్చు బేసిక్ చేతనుండగా వేరొకదానిని కొనువారు కొలదిమందియే యైరి.

1992 డిసెంబరు 26వ తేదీన కెమెనీ కన్నుమూసెను. అంతకు ముందేడు మైక్రోసాఫ్టు విజువల్ బేసిక్‌ను విడుదల చేసియుండెను. అందును వరుససంఖ్యల నిర్బంధము లేదు.